గొల్లగట్టు ఎక్కని లారీ

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే. యాభై ఏళ్లు ఇంజన్లతో వేగినవాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? బోల్టులు విప్పే పానాలు విసిరికొట్టాను, సేట్లను తిట్టాను, ఒకసారి ఒక తాసీల్దారు మోటారును నడిరోడ్డు మీద విప్పదీసి అట్లాగే వదిలేసి అన్నానికి పోయాను. కానీ గొల్లగట్టు లారీ విషయంలో మాత్రం కోపం కంటే ముందు నాకు ఆశ్చర్యం వేసింది. పుష్యమాసంలో, పళ్లు గిటకరిచే చలిలో, పొద్దున ఎనిమిది గంటలకు ఇంజను మరిగిపోవడమేమిటి? అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. అదీ ఒకే మలుపు దగ్గర.

పోలీసు చర్య అయి అప్పటికి నాలుగు నెలలు. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకునేలోపే మిలిటరీవాళ్లు కమ్యూనిస్టు సంఘం మనుషుల కోసం గుట్టలన్నీ గాలించడం మొదలుపెట్టారు. నల్లగొండలో కనబడ్డ లారీనల్లా డ్రైవరుతో సహా పట్టుకుపోయారు. అట్లా పోయినవాడే ఐలేశం, మా చెల్లె నర్సింగమ్మ పెనిమిటి. మర్రిగూడ దాటిన తర్వాత గొల్లగట్టు అని ఒక ఎక్కుడు దారి ఉంది. క్యాంపు గట్టుకు ఇవతల, వాళ్లు వెతికే ఊళ్లు గట్టుకు అవతల. జవాన్లను ఎక్కించుకొని పొద్దున్నే గట్టు దాటించడం ఐలేశం పని. మూడుసార్లు దాటబోయాడు. మూడుసార్లూ మూడో మలుపులో రేడియేటర్ మూతిలోంచి ఆవిరి బుస్సుమని లేచింది. అది చల్లారి, మళ్లీ నీళ్లు పోసి, గట్టు దిగేసరికి అవతలి ఊళ్లలో కోళ్లు తప్ప మనుషులు లేరు. మూడోసారికి కెప్టెన్ ఐలేశంను తాళ్లతో కట్టించాడు.

ఆ కబురు తీసుకొని నర్సింగమ్మ నా షెడ్డుకు వచ్చింది. ఏడవలేదు. రెండు రోజుల నుంచి ఏమీ తినలేదని ముఖం చూస్తే తెలిసింది. ఎల్లుండి పొద్దునకల్లా లారీ ఎందుకు ఆగుతుందో తేలకపోతే ఐలేశంను పెద్ద జైలుకు పంపుతామన్నారట. ఆ జైలుకు పోయినవాళ్ల క్షేమం కబురు అప్పటిదాకా మా వైపు ఒక్కటి కూడా రాలేదు. నేను పానాల సంచి భుజాన వేసుకున్నాను. నువ్వు ఇంట్లో ఉండమంటే వినలేదు, నా వెంటే బయలుదేరింది.

కెప్టెన్ చిన్న వయసువాడు. మర్యాదగానే మాట్లాడాడు. హైదరాబాదులో ఒక పార్సీ సేటు కార్ఖానాలో పని నేర్చిన రోజుల నుంచి నాకు ఉర్దూ వచ్చు కాబట్టి మధ్యలో ఇంకొకరి అవసరం పడలేదు. యంత్రం ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది, ఒకేచోట మూడుసార్లు ఆపేది మనిషే అన్నాడు. మీ ఐలేశం ఆవిరి లేపి అవతలివాళ్లకు సైగ చేస్తున్నాడన్నాడు. అది విన్నాక నాకు ఒళ్లు మండింది. కానీ తాళ్లు మా మనిషి చేతులకు ఉన్నాయి, అందుకని నోరు కట్టేసుకున్నాను.

ఐలేశం రేకుల పందిరి కింద కూచొని ఉన్నాడు. మణికట్లు ఉబ్బి ఉన్నాయి. భార్యను చూసి తల తిప్పుకున్నాడు.

"బావా, నేనేం చెయ్యలే. గట్టు కింద గోపమ్మ అవ్వ ఇంటికాడ ఆగి, మూతిదాక నీళ్లు నింపుకునే ఎక్కుతున్న. ఎందుకు మరుగుతాందో నాకే సమజైతలేదు" అన్నాడు.

లారీని గట్టు కింద గోపమ్మ ఇంటి ముందరే నిలిపి ఉంచారు. ఒక జవానును కాపలా పెట్టారు. అతడికి తెలుగు ఒక్క ముక్క రాదు, చలికి చేతులు చంకల్లో పెట్టుకొని రాతి మీద కూచున్నాడు. గోపమ్మకు అరవై దాటి ఉంటాయి. ఒంటి మనిషి. మొగుడు పోయాడు, ఎడ్ల జతను రజాకార్లు తోలుకుపోయారు, ఒక్కగానొక్క కొడుకు వెంకటయ్య ఏడాది కింద సంఘంలో కలిసి గుట్టలెక్కాడు. ఈ చివరి సంగతి ఊరందరికీ తెలుసు, మిలిటరీకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని చూడగానే ఐలేశం ఎప్పుడొస్తాడని అడిగింది. మొన్న దసరాకు ముందు ఆమె కాలు బెణికి వాచిపోతే ఐలేశమే లారీలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాడట. ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. ఐలేశం క్యాంపులో పని మీద ఉన్నాడని నర్సింగమ్మ సర్దిచెప్పింది.

ఇక నేను బానెట్ ఎత్తాను.

ఇంజను ఎందుకు మరుగుతుందో కనిపెట్టాలంటే ముందు తేలికవి చూడాలి. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. వాటర్ పంపు రెక్కలు తిరుగుతున్నాయి. హోజు పైపులు ఎక్కడా నలగలేదు, కారడం లేదు. ఆయిలు సరిపడా ఉంది, అందులో నీళ్లు కలవలేదు. ఇంజను స్టార్టు చేసి రేడియేటర్ మూత తీసి చూస్తే బుడగలు లేవలేదు, అంటే హెడ్డు దగ్గర లీకు లేదు. స్పార్కు సమయం చూశాను, సరిగ్గా ఉంది. ఒక్కొక్కటీ బాగానే ఉందని తేలుతున్నకొద్దీ నాకు చిరాకు, దాంతోపాటు ఒక రకమైన ఉబలాటం కూడా పెరిగింది. అన్నీ బాగుండి మనిషి చనిపోతే వైద్యుడికి ఎట్లా ఉంటుందో నాకు అట్లా ఉంది. నశ్యం డబ్బా తీసి గట్టిగా ఒక పట్టు పట్టాను. ఇరవై ఏళ్ల నుంచి నశ్యం పీల్చీ పీల్చీ నా ముక్కుకు వాసన అనేదే తెలియకుండా పోయింది. ఆ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

కాసేపు ఇంజను తిరగనిచ్చి రేడియేటర్ మీద అరచేయి పెట్టి పైనుంచి కిందికి జరిపాను. పైన చేయి కాలింది. మధ్యలోకి వచ్చేసరికి అక్కడక్కడ చల్లగా తగిలింది. అడుగున అయితే బావి నీళ్లంత చల్లన. అప్పుడు నాకు సగం తెలిసింది. వేడినీళ్లు పైనుంచి కిందికి దిగడం లేదు. సన్నటి గొట్టాల్లో ఏదో అడ్డం పడింది. మామూలు రోడ్డు మీద ఎట్లాగో నెట్టుకొస్తుంది గానీ, బరువుతో గట్టు ఎక్కేటప్పుడు ఆ కొద్దిపాటి నీళ్లు చాలక మూడో మలుపుకల్లా మరిగిపోతుంది. ఒకే మలుపు ఎందుకంటే ఇంజను వేడి సరిగ్గా అక్కడికి ముదురుతుంది. ఇందులో సైగ లేదు, సంఘం లేదు.

మరి ఆ అడ్డం ఏమిటి? మర్రిగూడ నీళ్లు అనుకున్నాను ముందు. ఆ నీళ్లు మరిగించిన కుండల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. అక్కడి పిల్లల పళ్ల మీద పసుపు గారలు, పెద్దవాళ్లకు వంగని మోకాళ్లు నేను చూస్తూనే ఉన్నాను. కానీ అట్లాంటి పెచ్చు రేడియేటర్ను మూసెయ్యాలంటే ఏళ్లు పట్టాలి. ఈ లారీ ఈ దారి పట్టి నాలుగు నెలలే. కారణం దగ్గరికి వచ్చినట్టే వచ్చి జారిపోతుంటే నాకు అన్నం సయించలేదు. నాలుగు బోల్టులు విప్పి రేడియేటర్ను కిందికి దింపాను. తలకిందులు చేసి దులిపితే గోధుమరంగు ముద్ద ఒకటి జారి నా అరచేతిలో పడింది. మెత్తగా, జిగటగా ఉంది. సున్నం కాదు, తుప్పు కాదు, మట్టి కూడా కాదు.

అప్పుడు, దాచడం ఎందుకు, నాకు ఐలేశం మీదే అనుమానం వచ్చింది. ఎవరో పిండి కలిపి పోశారు. పోసిన చేయి డ్రైవరుది కాక ఎవరిది? సంఘానికి సాయం చేయాలనుకుంటే చెయ్యనీ, నాకు చెప్పకుండా నా చెల్లె పసుపుకుంకుమలతో ఆటలాడతాడా? ఆ ముద్దను నర్సింగమ్మ ముందు పెట్టి, నీ మొగుడి నిర్వాకం చూడమన్నాను.

ఆమె చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి వాసన చూసింది.

"అన్నా, గిది కుడితి" అంది.

నేను నమ్మలేదు. పశువులకు పెట్టే కుడితి లారీలోకి ఎందుకొస్తుంది? పులిసిన గంజి, కందిపొట్టు, జొన్నలు కడిగిన నీళ్లు, నాకు తెలియదా ఆ వాసన, నేను రోజూ పెయ్యకు పెడుతున్నా కదా అని నర్సింగమ్మ వాదించింది. మేమిద్దరం అట్లా గొడవ పడుతుండగా గోపమ్మ చేతిలో కడవతో ఇంట్లోంచి వచ్చింది. కడవ మూతికి పాత చీర కొంగు కట్టి ఉంది. లారీ ముక్కు ఊడి కింద ఉండటం చూసి నిలబడిపోయింది. మూడు రోజుల నుంచి దీనికి ఏమీ పొయ్యలేదు, ఇప్పుడు ఎట్లా పొయ్యాలి అని దిగులుపడింది.

ఏం పోస్తున్నావవ్వా అని అడిగాను.

"గింతమందిని మోసుకొస్తది. గట్టెక్కాలె. వట్టి నీళ్లు పోస్తే యాడ ఎక్కుతది బిడ్డా? ఎడ్లకు పోసేదే పోసిన. దాని మూతి సన్నంగుంటదని కొంగుతోని వడగట్టి పోసిన. ఐలేశం అంబలి తాగుతాంటె నేనే పోస్తుంటి" అంది.

ఆ మాటలో ఎంత మురిపెం ఉందో! ఎడ్లు పోయి ఏడాదైనా ఆమె వాకిట్లో కుడితి గోలెం అట్లాగే ఉంది. పొద్దున పొద్దున అందులో జొన్నలతో వండిన గట్క కుండ కడిగిన గంజి పోయడం ఆమె మానలేదు. తాగడానికి పశువు లేదు. అంతలో ఐలేశం లారీ వచ్చి ఆమె వాకిట్లో రొప్పుతూ నిలబడింది. తనను దవాఖానకు మోసుకుపోయిన బండి అది. దాని ముందు వట్టి నీళ్లు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

నేను నోరు తెరవబోయాను. ఏమని తిట్టేవాడినో నాకే తెలియదు. నర్సింగమ్మ నన్ను గోడ వెనక్కి లాక్కుపోయింది.

"నువ్వు ఒక్క మాటన్నవంటే గీ ముసలామె ఇప్పుడే క్యాంపుకు పోయి, తప్పు నాది, ఐలేశంను ఇడువున్రి అంటది. కుడితి అంటే ఆళ్లు నమ్ముతరా? ఆమె కొడుకు యాడున్నడో అడుగుతరు. నా మొగనికి బదులు ఆమెను కట్టేస్తరు. నాకట్ల వద్దు" అంది.

మొగుడు తాళ్లలో ఉన్న ఆడది ఆ మాట అంది. ఆ రోజు నుంచి మా చెల్లె ముందు నేను గొంతు పెంచి మాట్లాడింది లేదు.

తిరిగి వచ్చి గోపమ్మతో, దాని కడుపులో బాగాలేదు, అరగలేదు, ఇక నుంచి వట్టి నీళ్లే పొయ్యాలి అని చెప్పాను. ఆమె గంభీరంగా తల ఊపింది. అట్లాగా, నాకు తెలియకపాయె అంది.

గంజి వదలగొట్టడం ఊళ్లో ఎవరికి తెలుసు? చాకలి లచ్చయ్యకు. అతడి బట్టల బాన కింద మంట పెట్టించి సవుడు మట్టి నీళ్లు సలసల కాగబెట్టాం. రేడియేటర్ను తలకిందులు పెట్టి అడుగు నుంచి ఆ వేడినీళ్లు పోశాం. ఒక్కో గొట్టంలో చీపురుపుల్ల దూర్చి తోశాను. మొదట పొట్టు వచ్చింది, తర్వాత జిగట, తర్వాత చిక్కటి నురుగు. సాయంత్రానికి ఒక కడవ నీళ్లు పైన పోస్తే కింద అంతే వేగంగా దబదబ పడ్డాయి. ఇంజను లోపలి దారులనూ అట్లాగే కడిగాం. అప్పుడు ఒక ఆలోచన వచ్చి నా చేయి ఆగింది. ఈ లారీ బాగైతే రేపటి నుంచి జవాన్లు గట్టు అవతలికి సమయానికి చేరతారు. వెంకటయ్య అవతలే ఎక్కడో ఉన్నాడు. చాలాసేపు ఆ బాన పక్కన కూచున్నాను. కానీ కళ్ల ముందు కనబడుతున్నవి ఐలేశం మణికట్లు. లేచి బోల్టులు బిగించాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ నన్ను అడక్కండి.

మర్నాడు కెప్టెన్ ముందు గోపమ్మ పాత కుండలోంచి గీకిన తెల్లటి పెచ్చు పెట్టి, అంతా ఈ ఊరి నీళ్ల మహిమ అని చెప్పాను. అతడు దాన్ని గోటితో గీకి చూశాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. సరే, జవాన్ల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేస్తాను, నేను ముందు కూచుంటాను, నువ్వు నడుపు, ఐలేశం కట్లతోనే వెనక ఉంటాడు అన్నాడు. ఐలేశం ఎప్పుడూ ఆగినచోటే ఆగాలి, ఎప్పుడూ పోసినట్టే నీళ్లు పొయ్యాలి, మూడో మలుపులో ఆవిరి లేచిందంటే ఇద్దరినీ కలిపి జైలుకు పంపుతాను అన్నాడు.

అట్లా గోపమ్మ వాకిట్లో ఆగాం. బావిలోంచి నేనే నీళ్లు చేది, కెప్టెన్ చూస్తుండగా రేడియేటర్ నింపాను. మూత పెట్టబోతుంటే ఇంట్లోంచి గోపమ్మ వచ్చింది. రెండు చేతులతో పెద్ద చెంబు పట్టుకొని ఉంది. చెంబులోంచి పొగలు లేస్తున్నాయి.

అరగలేదని చెప్పింది నేనే కదా! ఎద్దుకు అరగకపోతే ఈ మనుషులు ఏం పోస్తారో ఆమె అదే కాచి తెచ్చింది. వాము, శొంఠి, మిరియాలు, బెల్లం. ఎద్దుకు పోసేంత పాళ్లు. లారీ ఎద్దుకంటే పెద్దది కాబట్టి ఇంకాస్త ఎక్కువే వేసి ఉంటుంది. నేరుగా తెరిచి ఉన్న రేడియేటర్ వైపు నడిచింది.

అదేమిటని కెప్టెన్ అడిగాడు. వాసన అతడికి తగిలింది. చెయ్యి తుపాకీ తోలుసంచి మీదికి పోయింది. వెనక బస్తాల మీది నుంచి ఐలేశం, కట్లున్న చేతులు అవ్వకు కనబడకుండా, లేచి నిలబడ్డాడు.

నేను ఎదురుపోయి చెంబు అందుకున్నాను. నాకు రాత్రి నుంచి కడుపులో బాగాలేదు సాబ్, కషాయం కాచిపెట్టమని నేనే అడిగాను అన్నాను. అయితే తాగు, నేను చూస్తాను అన్నాడు. గటగటా ఎత్తాను. గొంతులోంచి నిప్పు దిగినట్టయింది. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు కారాయి.

"అది నీకు గాదు బిడ్డా, లారీకి!" అని గోపమ్మ లబలబలాడింది.

ఏమంటుందని కెప్టెన్ అడిగాడు. చివరి చుక్కదాకా తాగమంటుంది సాబ్ అన్నాను. తాగాను. అడుగున మిగిలిన మిరియాలు కూడా నమిలాను. కెప్టెన్ నా ముఖం చూసి మొదటిసారి నవ్వాడు.

గట్టు ఎక్కడం మొదలుపెట్టేసరికి నాకు ఒక చిత్రం జరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత ముక్కు తెరుచుకుంది. పెట్రోలు వాసన, ఇసుక బస్తాల తడి వాసన, కెప్టెన్ బూట్ల తోలు వాసన అన్నీ వరసగా వచ్చి తగిలాయి. వీటన్నిటి మధ్య ఆవిరి వాసన వస్తుందేమోనని ప్రాణం ఉగ్గబట్టి వెతికాను. మొదటి మలుపు. రెండో మలుపు. మూడో మలుపులో కెప్టెన్ ఆపమన్నాడు. దిగి వచ్చి బానెట్ మీద చేయి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత వెనక్కి పోయి ఐలేశం కట్లు తానే విప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఐలేశం స్టీరింగ్ పట్టుకోలేకపోతే నేనే నడిపాను. గోపమ్మ దారిలోనే నిలబడి ఉంది. నన్ను పలకరించలేదు, ఆమె మందు నేను మింగేశానన్న కోపం ఇంకా పోలేదు. తిన్నగా వచ్చి బానెట్ మీద అరచేయి ఆనించింది.

"జరం దిగింది" అంది.

నేను పానాలన్నీ వాడి రెండు రోజుల్లో తేల్చిన సంగతి అది. ఐలేశం మణికట్లు చూసి, ఈ కమిలిన గుర్తులేమిటి బిడ్డా అని అడిగింది. బస్తాలకు తాళ్లు బిగిస్తుంటే ఒరుసుకున్నాయని వాడు చెప్పాడు. లోపలికి పోయి ఆముదం తెచ్చి రాసింది.

ఆ వారంలోనే ఆ క్యాంపును ఇంకెక్కడికో ఎత్తేశారు. ఐలేశం వేలు కూడా కదపలేని చేతులతో ఇల్లు చేరాడు. కుడితి సంగతి మేం ముగ్గురం ఎక్కడా అనలేదు.

ఆ తర్వాత మూడేళ్లకు, పోరాటం ఆగిపోయాక, ఒక మధ్యాహ్నం నా షెడ్డు ముందు ఎవరో గడ్డం మనిషి వచ్చి నిలబడ్డాడు. జైలు నుంచి విడుదలై ఊరికి పోతున్నాడట. వెంకటయ్య. మర్రిగూడ వైపు పోయే బండి ఏదైనా ఉందా అని అడగడానికి వచ్చాడు. కూచోబెట్టి చాయ్ ఇప్పించాను. మాటల్లో గొల్లగట్టు వచ్చింది.

గట్టు అవతల దాగి ఉన్నప్పుడు మూడుసార్లు మిలిటరీ వచ్చిందని చెప్పాడు. మూడుసార్లూ మూడో మలుపు దగ్గర తెల్లగా ఆవిరి లేవడం కనబడిందట. లారీ చల్లారేసరికి వీళ్లు ఊళ్లు ఖాళీ చేసి గుట్టల్లోకి జరిగిపోయేవారట. డ్రైవరు మనవాడే అయ్యుంటాడని అందరూ అనుకున్నారట.

"ఆ మనిషెవరో నీకేమన్న ఎరికనా? నాకు పానం పెట్టిండు. ఒక్కసారి కాళ్లు మొక్కాలె" అన్నాడు.

ఆ గట్టు ఎక్కినప్పటి నుంచి నశ్యం మానేసినా నా ముక్కు మూసుకుపోయింది.

"ఎరికే. ఇంటికి పో" అన్నాను. "వాకిట్ల కుడితి గోలెం కాడ ఉంటది."